పదును చూసేదొకరు, అదును చెప్పేదొకరు: నర్సంపేట దిక్కు ఒక పత్తి చెల్క కేస్ స్టడీ

ఈ కేసు ఎందుకు రాస్తున్ననో ముందే చెప్త. వాతావరణ మార్పును తట్టుకునే పద్ధతులు అని మా సంస్థ తరఫున మేం ఊర్లకు పట్కపోయేటివి, విత్తనం కాడ్నించి ఫారం పాండ్ (చేన్ల తవ్వే నీటి కుంట) దాక, అన్నీ భూమిని చూసి తయారైనవే. ఆ భూమిల వంగి పనిచేసేది ఎవరు, ఆమె దినంల ఖాళీ గంట ఎక్కడున్నది, ఖర్చు ఎవరి పేర అప్పు అయితున్నది అనేది అందుల ఎక్కడ ఉండదు. ఒకే ఇంటితోని మూడు వానకాలాలు దగ్గరగ పనిచేసినం, ఆ ఇంట్ల ఏది పనికొచ్చింది ఏది పనికి రాలే అనేది మా లాంటి పనిల ఉన్నోళ్లకు ఉపయోగపడ్తదని రాస్తున్న. ఊరు పేరు, మనుషుల పేర్లు రాస్తలేను, గుర్తువట్టే వివరాలు కొన్ని మార్చిన. ఆమెను ఇక్కడ అక్క అనే అంట, నేను పిలిచేది కూడ అట్లనే. రాసుకోనీకి ఆమె ఒప్పుకున్నది, రాసింది చదివి వినిపించిన, రెండు చోట్ల అట్ల కాదు ఇట్ల అని సరిచేసింది కూడ.

నేపథ్యం

వరంగల్ జిల్లాల నర్సంపేట దిక్కు ఊరు, పాకాల చెరువు నీళ్లు పారని ఊరు. ఎక్కువ శాతం ఎర్ర చెల్కలు (వాన మీదనే పండే మెట్ట భూములు), పల్లంల కుంట కింద కొంచెం పొలం. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ప్రాంతమే కాబట్టి కరువు ఊరు అని ఎవ్వరూ అనరు, కానీ ఆ వాన పది పదిహేను రోజులల్ల కుమ్మరిచ్చి మళ్ల ఇరవై రోజులు మొఖం చాటేసే రకానికి వచ్చినంక చెల్క రైతులకు లెక్కలన్నీ తప్పుతున్నయ్.

అక్క వాళ్లకు చెల్క రెండెకరాలు, పొలం ఎకరం పది గుంటలు, పొలం మీద పాత బాయి ఒకటి ఉన్నది, ఎండకాలం అడుగంటుతది. భూమంతా మామ పేర. ఇద్దరు కొడుకులు, పాళ్లు పంచుకోలే, పెద్దకొడుకు వేరే ఊర్ల సెటిల్ అయిండు, చిన్నోడు అంటే అక్క భర్త హైదరాబాద్‌ల సెంట్రింగ్ పని చేస్తడు, దున్నకాలం అప్పుడు నాలుగు రోజులు, దసరకు, ఉగాదికి వస్తడు. ఇంట్ల అత్త, మామ, బడికి పోయే బిడ్డ, ఇంటర్ చదివే కొడుకు, ఒక బర్రె. ఎవుసం అంతా అక్క చేతి మీదనే నడుస్తది. దున్నుడు, మందు కొట్టుడు మనిషిని పెట్టి చేయిస్తది, గింజలు పెట్టుడు, పోగుంటలు (మొలక రాని జాగలు) నింపుడు, కలుపు, ఎరువు, పత్తి ఏరుడు అన్నీ ఆమె, ఆమెతోని బదులుకు వచ్చే ఆడోళ్లు.

కాయితాల మీద మాత్రం ఆమె రైతు కాదు. 2023ల రైతుబంధు సీజన్‌కు ఎకరానికి 5,000 మామ ఖాతాల పడేది. రైతుబీమా 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారుకే, మామకు అరవై దాటినయ్ కాబట్టి ఆయనకు రాదు, అక్కకు వయసు ఉన్నది కానీ పట్టా లేదు కాబట్టి ఆమెకు రాదు, అంటే ఆ ఇంట్ల ఎవుసం చేసే మనిషికి ఏమన్న అయితే అయిదు లక్షల బీమా అనేది అసలు లేనే లేదు. ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు, 2015-16 వ్యవసాయ గణనల దేశం మొత్తం కమతాలల్ల ఆడోళ్ల పేర ఉన్నయి దాదాపు 14 శాతమే, చెల్కలకు పోయి చూస్తే వంగి ఉన్నోళ్లల్ల ఎంతమంది ఆడోళ్లో ఎవరికన్న కనపడ్తది.

సమస్య ఎట్ల ముందుకొచ్చింది

2023 వానకాలం. ఆ ఏడు రుతుపవనాలు లేటు, తెలంగాణల జూన్ మూడో వారం దాటినంకనే గట్టిగ వచ్చినయ్. అంతకుముందు ఒక జల్లు పడ్డది. ఆ రాత్రే భర్త హైదరాబాద్‌కెల్లి ఫోన్ చేసి అందరు పెడ్తున్నరట, మనం గూడ రేపు గింజలు పెట్టుండ్రి అన్నడు. అక్క చెల్కకు పోయి బొటనవేలితోని మట్టి తోడి చూసింది, మీద రెండు వేళ్ల మందం తడి, కింద పొడి. ఆ సంగతి చెప్పింది కూడ, అయినా పెట్టాలె అన్నడు కాబట్టి పెట్టింది. నాలుగు ప్యాకెట్లు, ఒక్కోటి 853 రూపాయలు. మొలక వచ్చినకాడికి వచ్చింది, ఆ ఎండలకు మాడిపోయింది. నెలాఖరుకు వాన వచ్చినంక మళ్ల దున్నిచ్చి మూడు ప్యాకెట్లు తెచ్చి పెట్టింది, ఈ రెండోసారి పైసలు ఆడోళ్ల పొదుపు సంఘంల ఆమె పేర తీసిన అప్పు.

జులై నాలుగో వారంల అదే చెల్క మునిగింది. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డ వాన అదే. అక్క వాళ్ల ఊర్ల అంత పడలే కానీ చెల్కల రెండు రోజులు నీళ్లు నిలిచినయ్, చెట్లు వడలిపోయినయ్. ఆ తర్వాత ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్క తీస్తే అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు లేదు.

మేం ఆ ఇంటికి వెళ్లింది ఆగస్టుల. మాకు వచ్చిన అడుగుడు అక్క నుంచి కాదు, భర్త నుంచి. మీటింగ్‌ల ఆయన బోరు కావాలన్నడు, బోరుకు లోను ఇప్పియ్యమన్నడు. అక్కను నేను విడిగ అడిగితే ఆమె బోరు మాట ఎత్తలే, "గింజలకు తెచ్చిన అప్పు ఎట్ల కట్టాలె మేడం" అన్నది. ఒకే ఇంట్ల ఒకే నష్టం, ఇద్దరు చెప్పిన సమస్యలు రెండు. దీని మీద నేను చానా ఆలోచించిన, ఎందుకంటే మనం సాధారణంగ మీటింగ్‌ల మాట్లాడినోళ్ల సమస్యనే కేసు సమస్యగ రాసుకుంటం.

మేం చూసింది ఏంది

ఆ ఊర్ల మా సంస్థ అంతకుముందే వాట్సాప్ గ్రూపు పెట్టి వాతావరణ శాఖ వాళ్లు మంగళవారం, శుక్రవారం ఇచ్చే వ్యవసాయ సూచనలను వాయిస్ మెసేజ్‌లుగ పంపుతున్నది. నంబర్లు పట్టాదారుల లిస్టు పట్టుకొని తీసుకున్నయి. ఈ ఇంటి నంబరు అంటే భర్త నంబరు, ఆయన ఉండేది కూకట్‌పల్లి దిక్కు. జిల్లాల వాన పడే అవకాశం ఉన్నది అనే మెసేజ్ ఆయనకు అందుతది, ఈ చెల్కల పదును, అంటే విత్తేటందుకు సరిపడే తడి, ఎంత ఉన్నదో చూసే మనిషికి ఆ మెసేజ్ అందదు. అంతకుముందు ఆమె వాళ్లనూ వీళ్లనూ అడిగి, మట్టి తోడి చూసి, ఒక రోజు అటో ఇటో ఆగేది. మెసేజ్ వచ్చినంక దూరం నుంచి తేదీ పెట్టుడు మొదలైంది. సమాచారం పెరిగితే నిర్ణయం బాగుపడ్తదని అనుకుంటం, ఇక్కడ సమాచారం ఒకరికి చేరి తెలివి ఇంకొకరి దగ్గర ఉండుట్ల నిర్ణయం చెడ్డది.

ఇంకో సంగతి. చెట్లు వడలినప్పుడు సూచన వచ్చింది, నీళ్లు తీసేయాలె, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి మొదళ్లు తడిసేటట్టు పోయాలె అని. సూచన సరైందే. రెండెకరాల పత్తిల ఒక్కో మొదలుకు పోయాలంటే నీళ్లు బాయి కాడ్నించి బిందెతోని మోసుకపోవాలె. అక్క, అత్త కలిసి పది సాళ్లు పోసి ఆపిండ్రు. ఆ మెసేజ్ తయారుచేసినోళ్లు మందు మోతాదు లెక్కపెట్టిండ్రు, బిందెలు లెక్కపెట్టలే.

వెదజల్లుడు: ఎందుకు పెట్టినం, ఎందుకు ఆపినం

ఆ యాసంగికి పొలంల నాటు బదులు మొలకెత్తిన వడ్లు వెదజల్లే పద్ధతి పెట్టినం. మా ఆలోచన ఇట్ల ఉండె: బాయిల నీళ్లు తక్కువ, దమ్ము తర్వాత నీళ్లు నిలువ పెట్టే అవసరం తక్కువైతది, నాటు కూలి ఖర్చు మిగులుతది, పంట వారం పది రోజులు ముందుగ చేతికొస్తది. భర్త, మామ ఇద్దరు ఒప్పుకున్నరు, ఖర్చు తగ్గుతదంటే ఎవరు కాదంటరు. అక్క ఏమీ అనలే, ఆమె ఏమీ అనకపోవుడును మేం ఒప్పుకున్నట్టే రాసుకున్నం.

వెదజల్లిన పొలంల కలుపు మందు టైం మీద పడాలె, చల్లిన కొద్ది రోజులకే మొదటిది, 15-20 రోజులకు బిస్‌పైరిబాక్ సోడియం. మందు కొట్టే మనిషి ఊర్ల ఇద్దరే ఉన్నరు, వాళ్లు పెద్ద రైతుల పొలాలు అయినంకనే చిన్నోళ్ల పొలంకు వస్తరు, అండ్ల మొగమనిషి లేని ఇల్లంటే ఇంక వెనుకకు. రెండోసారి మందు లేటు అయింది, ఊద, తుంగ కమ్ముకున్నయ్. అక్క, అత్త, సెలవు పెట్టించి బిడ్డ, ముగ్గురు కూసుండి పీకిండ్రు. బిడ్డ బడికి పోలేదని వాళ్ల టీచర్ అడిగితే తెలిసింది మాకు.

దానికంటే పెద్ద సంగతి ఇంకోటి బయటపడ్డది. అక్క నాటు గుంపుల మనిషి. పదిహేను మంది ఆడోళ్లు, నాట్ల సీజన్‌ల ఎకరాల లెక్కన గుత్తకు తీసుకొని నాటేస్తరు, ఏడాదిల వాళ్ల చేతికి నేరుగ వచ్చే ఎక్కువ పైసలు ఆ రోజులల్ల వచ్చేటివే, ఫీజులు, పుస్తెల తాడు విడిపిచ్చుకునుడు, సంఘం కిస్తీ అన్నీ అందుల్నే. వెదజల్లుడు ఊరంత పాకితే ఆ పని పోతది. గుంపు లీడర్ అక్కను వాకిట్లనే అడిగింది, "నీ పొలం నాటు మేం వెయ్యొద్దంటే, మాతోని నాటుకు నువ్వెట్ల వస్తవ్?" అని. మేం కాయితం మీద నాటు ఖర్చు మిగిలింది అని రాసుకున్నది నిజానికి ఇంకో పది ఇండ్ల ఆడోళ్ల కూలి. అందుల అక్క కూలి కూడ ఉన్నది.

వెదజల్లే పద్ధతి చెడ్డది అని నేను అంటలేను. మనుషులు దొరకని ఊర్ల, మందు మిషన్ సొంతంగ ఉన్న రైతుకు అది మంచిదే, నీళ్లు నిజంగ మిగుల్తయ్. ఈ ఇంట్ల, ఈ ఊర్ల, లాభం ఒకరి జేబుకు పోయి పని ఇంకొకరి నడుం మీద పడ్డది, అందుకే ఒక్క పంటతోని ఆపేసినం. నీళ్ల సంగతికి వేరే దారి చూసినం, యాసంగిల పొలం సగం వరి, సగం పెసర పెట్టుకునుడు. బాయి నీళ్లకు అది సరిపోయింది, నాటు గుంపుతోని మాట కూడ సర్దుకున్నది.

ఫారం పాండ్

ఉపాధి హామీల చెల్కల మూలకు నీటి కుంట తవ్విద్దామని అడిగినం. పట్టాదారు సంతకం కావాలె. మామ చెయ్యనన్నడు. మొదట మాకు అది పాతకాలపు మొండితనం లెక్క అనిపించే అవకాశం ఉండె కానీ కూసోని మాట్లాడితే ఆయన కారణాలు గట్టివే: పాళ్లు పంచలే, రేపు ఆ మూల పెద్దోని పాలుకు పోతే మా భూమి బొంద పెట్టినవని అంటడు, చెల్కకు కరెంటు లైన్ లేదు, కుంటల నీళ్లు నిలిచినా మొక్కకు చేర్చుడెట్ల.

ఆ చివరి ప్రశ్నకు అక్కే జవాబు చెప్పింది, "నేనే మోస్త గద మామా, ఇంకెవలు మోస్తరు." ఆమె మామూలుగనే అన్నది కానీ నాకు అక్కడనే ఫారం పాండ్ ఈ ఇంటికి కాదని ఖాయమైంది. ఇంజను, పైపు లేని కుంట ఆడోళ్లకు బిందెల పని పెంచుతది. దాని బదులు నీళ్లు చెల్కలనే ఇంకేటట్టు, ఎక్కువైతే బయటికి పోయేటట్టు రెండు పనులు అనుకున్నం: బోదెల (మట్టి ఎగదోసిన గట్ల) మీద విత్తుడు, ప్రతి నాలుగైదు సాళ్లకు ఒక గొడ్డు సాలు (గింజలు పెట్టని ఖాళీ సాలు) తీసుడు. గొడ్డు సాలు వాలుకు అడ్డంగ పడాలె, ట్రాక్టర్ మనిషికి అది చెప్పుడు ఒక్కటే కష్టం, మిగతా పని ట్రాక్టరే చేస్తది, ఆడోళ్ల గంట ఒక్కటి కూడ అదనంగ పోదు. ఈ లెక్క చూసుకునే దాన్ని ఎంచుకున్నం.

చింతగింజల లెక్క

2024 మార్చిల మేం మీటింగ్ పద్ధతి మార్చినం. అంతకుముందు రైతువేదికల పొద్దున పదకొండుకు పెట్టేటోళ్లం, ఆ టైంకు ఆడోళ్లు కైకిలిల (కూలి పనిల) ఉంటరు, వచ్చేటోళ్లు మొగోళ్లు, ముసలోళ్లు. ఇప్పుడు సంఘం మీటింగ్ అయినంక రాత్రి ఎనిమిదింటికి అక్కడనే, ఊరి సంఘాల సమాఖ్య (వీవో) బిల్డింగ్‌ల.

అందుల చేసిన ఒక పని గురించి కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే ఈ కేసుల దారి తిరిగింది దాంతోనే. బండల మీద ముగ్గుతోని పెద్ద గుండ్రం గీసి పన్నెండు నెలలు పంచినం, ఒక్కో నెలకు ఆడోళ్లు చింతగింజలు పెట్టాలె, దినంల ఎన్ని గంటల పని ఉంటే అన్ని గింజలు. ఇంటి పనికి ఒక కుప్ప, సొంత ఎవుసంకు ఒక కుప్ప, కైకిలికి ఒక కుప్ప. జూన్ చివర, జులై గడులల్ల గింజలు గడి దాటి బయటికి పోయినయ్. పత్తి ఏరే నవంబర్‌ల కూడ అంతే. ఏప్రిల్, మే గడులల్ల ఎవుసం కుప్ప చిన్నగ ఉన్నది. నల్లా నీళ్లు ఇంటికాడికి వస్తున్నయ్ కాబట్టి పాత రోజుల లెక్క నీళ్లకు పోయే కుప్ప లేకుండె, అది ఎంత పెద్ద మార్పో అత్తలు చెప్తుంటే కోడండ్లు విన్నరు.

మేం తెచ్చిన సూచనలల్ల చానా మటుకు జూన్-జులై గడిలనే పడుతున్నయ్: విత్తన శుద్ధి, పోగుంటలు, జీవామృతం కలుపుడు, మొదళ్లకు మందు పోసుడు. నేను ఆ గుండ్రం ముందు కూసోని మా ప్రాజెక్టు పనులను ఒక్కొక్కటి ఏ గడిల పడ్తదో పెట్టి చూసిన. జులైకి ఇంకా గింజలు పెట్టే జాగ లేదు. అప్పటినుంచి రూలు పెట్టుకున్నం, కొత్త పని ఏదైనా ఏప్రిల్-మే గడిలకు జరగాలె, లేదా పాత పని ఒకటి తీసేయాలె. చెరువు మట్టి తోలుడు, కంది గింజల శుద్ధికి సరంజామ, గొడ్డు సాళ్ల గుర్తులు, ట్రాక్టర్ మాట్లాడుకునుడు అన్నీ ముందుకు జరిపినం. కలుపుకు పవర్ వీడర్ తెచ్చి చూపిచ్చినం కానీ అది ఆడోళ్ల చేతులకు బరువు, తాడు గుంజి స్టార్ట్ చేసుడు కూడ కష్టం, దాన్ని వాపస్ పంపి సంఘం పేర చేతితోని తోసే సైకిల్ గుంటకలు రెండు తీసుకున్నం, అవి ఇప్పటికీ తిరుగుతున్నయ్.

డబ్బా, కాయితం, ఉగాది ఒప్పందం

విత్తే తేదీ సంగతి మాత్రం పని గంటలది కాదు, మాట చెల్లుబాటుది. అక్కకు పదును తెలుసు. ఆమెకు పదును గురించి ట్రైనింగ్ ఇచ్చేది ఏమీ లేదు. ఆమె మాట నిలబడాలంటే ఏం కావాలె అనేది అసలు ప్రశ్న. భర్తతోని ఫోన్‌ల కొట్లాడమని మనం చెప్పలేం, చెప్పొద్దు కూడ.

వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు ఎప్పటినుంచో చెప్పే మాట ఉన్నది, తేలిక నేలలైతే 50-60 మిల్లీమీటర్లు, బరువు నేలలైతే 60-75 మిల్లీమీటర్లు పడ్డంకనే పత్తి విత్తాలె అని. దీన్నే పట్టుకున్నం. ఇంటి ముంగట చెట్టు నీడ పడని జాగల ఒక గుంజకు వాన కొలిచే డబ్బా కట్టినం. కొలిచే పని బిడ్డకు, పొద్దున బడికి పోయేముందు చూసి, నోటుబుక్కుల రాసి, డబ్బా వంపెయ్యాలె. అక్కకు పని పెరగలే.

2024 ఉగాదికి భర్త వచ్చినప్పుడు నలుగురిని కూసోబెట్టి మాట్లాడినం, మామను కూడ. ఇక్కడ జాగ్రత్తగ ఉండాలె అనుకున్నం, ఆయన తప్పు ఆమె ఒప్పు అన్నట్టు వస్తే రేపటినుంచి ఆ ఇంట్ల ఆమెకే కష్టం. అందుకే పోయిన ఏడు ఎవరు ఏమన్నరు అనే మాట ఎత్తనియ్యలే, రెండుసార్ల గింజల ఖర్చు, రెండుసార్ల దున్నుడు ఖర్చు మాత్రం రాసి ముందట పెట్టినం. అది చూసి భర్తే అడిగిండు, ఎంత వానకు పెట్టాలె మరి అని. చెల్కల 60 దాటాలె, ముట్టి చూస్తే మట్టి ముద్ద కావాలె, అప్పటిదాక ప్యాకెట్ కొయ్యొద్దు అని నలుగురు ఒప్పుకున్నరు. జులై 20 దాటినా 60 పడకపోతే పత్తి మాట మర్చిపోయి కంది పెట్టుకోవాలె అని రెండో మాట. ప్యాకెట్లు కూడ మొదలు సగమే కొనాలె అని మూడో మాట. బిడ్డ అదే నోటుబుక్కు మొదటి పేజీల రాసింది.

దీనివల్ల ఏం మారిందంటే, జూన్‌ల భర్త ఫోన్ చేసి రేపు పెట్టుండ్రి అనుడు పోయి, డబ్బాల ఎంతున్నది అని అడుగుడు వచ్చింది. ఆ జవాబు చెప్పేది ఇంట్ల ఆడోళ్లు. వాట్సాప్ గ్రూపును కూడ మార్చినం, ఎవరు గింజలు పెడ్తున్నరో వాళ్ల నంబరు, వాళ్ల దగ్గర ఫోన్ లేకపోతే బడి పిల్లల నంబరు, మెసేజ్ పోయే టైం రాత్రి ఎనిమిది.

తర్వాత రెండు వానకాలాలు

2024ల పక్కోళ్లకంటే వారం ఆలస్యంగ పెట్టింది, ఒక్కసారే పెట్టింది. నాలుగు సాళ్ల పత్తికి ఒక కంది సాలు వేసింది. సెప్టెంబర్ 1 నాటి వాన, కేసముద్రం కాడ రైలు పట్టాల కింది కట్ట కొట్టుకపోయిన వాన, ఇక్కడ కూడ గట్టిగనే పడ్డది. గొడ్డు సాళ్లకెల్లి నీళ్లు దిగిపోయినయ్, పల్లం మూలకు కొన్ని చెట్లు వడలినయ్ కానీ 2023 లెక్క చెల్క మొత్తం పోలే.

అసలు పరీక్ష 2025. ఆ ఏడు రుతుపవనాలు మే చివరి వారంలనే తెలంగాణకు వచ్చినయ్, రోహిణి కార్తెలనే మంచి వాన పడ్డది, ఊరు ఊరంత పత్తి పెట్టింది. డబ్బాల లెక్క 38. పక్క చెల్కోళ్లు వచ్చి ఇంకా పెడ్తలేవా అని అడుగుతుంటే, భర్త కూడ రెండుసార్లు ఫోన్ చేస్తుంటే, ఆ పది రోజులు ఆమెకు చానా కష్టమైంది, నాకు కూడ భయమే, ఎందుకంటే వాన ఇట్లనే పడుకుంట పోతే ఆమె వెనుకబడ్డట్టు అయితది, ఊరందరి ముందు ఆమె మాట పోతది. జూన్‌ల వాన ఆగింది. ముందు పెట్టినోళ్లు చానామంది పోగుంటలకు మళ్ల ప్యాకెట్లు తెచ్చుకున్నరు, ప్యాకెట్ ధర అప్పటికి 901. అక్క లెక్క 60 దాటినంక ఒక్కసారి పెట్టింది.

అట్లని ఆ ఏడు బాగ మిగిలింది అని చెప్పలేను. అక్టోబర్ చివర మొంథా తుఫాను వరంగల్ మీద పడ్డప్పుడు పత్తి పగిలి ఏరడానికి సిద్ధంగ ఉండె, మొదటి ఏరుడు తడిసి రంగు మారింది. తేమ 12 శాతం దాటితే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ తీసుకోదు, వాకిట్ల ఆరబోసి ఆరబోసి కొంత అమ్మింది. అమ్ముడు కాడ ఇంకో చిక్కు, ఆ ఏడు కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ బుక్ చేసుకోవాలె, పట్టా మామది, నంబరు భర్తది, పత్తి ఆమెది. రెండు రోజులు ఆ ఫోన్ల మీదనే పోయినయ్. కంది మాత్రం నిలబడ్డది, ఇంట్లకు పప్పు పోను అమ్ముకున్నది, ఆ పైసలు ఆమె చేతికే వచ్చినయ్ ఎందుకంటే కంది కొట్టి చెరిగి అమ్మేది ఆమెనే.

పైసలు, పట్టా

ఈ కేసుల మేం అనుకున్నంత చెయ్యలేకపోయిన భాగం ఇది. నష్టం వచ్చినప్పుడు అప్పు ఆమె పేర పుడ్తది, సంఘం నుంచి, సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి. సాయం వచ్చినప్పుడు మామ ఖాతాల పడ్తది. 2025 జూన్‌ల రైతుబంధు బదులు వచ్చిన రైతుభరోసా ఎకరానికి 6,000 పడ్డప్పుడు మామతోని మాట్లాడి గింజల పైసలు అందులకెల్లి నేరుగ అక్కకు ఇప్పించినం, ఆయన ఇచ్చిండు, సంతోషంగనే ఇచ్చిండు. అది ఆయన మంచితనం మీద నడిచేది, హక్కు కాదు.

బిడ్డలకు ఆస్తి హక్కు మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంల తెచ్చిన సవరణతోని 1985 నుంచే ఉన్నది, దేశం మొత్తానికి 2005ల వచ్చింది. కోడలికి మాత్రం అత్తగారింటి భూమిల భర్త పాలు ద్వారానే తప్ప నేరుగ ఏమీ లేదు. పుట్టింటి భూమి అడిగినవా అని ఒకసారి అడిగిన. అన్నతోని రాకపోకలు ఉండాలె గద మేడం అన్నది, నేను ఇంక రెట్టియ్యలే. భూమి మీద చెమట ఒక ఇంట్ల, హక్కు ఇంకో ఇంట్ల, రెండూ కాయితం మీద కలవవు. 2026ను ఐక్యరాజ్యసమితి మహిళా రైతుల సంవత్సరంగ ప్రకటించింది, ఈ ఏడన్న సాగు చేసే మనిషిని సాగుదారుగ రాసే కాలమ్ ఒకటి ఊరి రికార్డులల్ల గట్టిగ అమలైతే బాగుండు అని నా కోరిక.

మిగతా ఊర్లకు పట్కపోయింది

ఈ ఇంటినుంచి మేం నేర్చుకున్నయి కొన్ని ఇప్పుడు పక్క ఊర్లల్ల చేస్తున్నం. ఏ పద్ధతి అయినా పెట్టేముందు చింతగింజల గుండ్రం మీద పెట్టి చూస్తున్నం. కూలి మిగిలింది అని రాసేకాడ ఎవరి కూలి అని ఇంకో కాలమ్ పెట్టినం, అది నిండకుండ రిపోర్ట్ పోదు. ఆడోళ్లు మీటింగ్‌ల ఊకుంటే ఒప్పుకున్నట్టు రాయొద్దు, తెల్లారి చెల్కల కలిసి అడగాలె. ఒప్పందాలు ఎండకాలంలనే కావాలె, వాన పడ్డంక ఎవరికీ ఆగే ఓపిక ఉండదు. వాన డబ్బాలు ఇప్పుడు ఆ ఊర్ల తొమ్మిది ఇండ్లల్ల ఉన్నయ్, అన్నిట్ల పని చేస్తున్నయ్ అని అనను. రెండిండ్లల్ల డబ్బా లెక్క ఉన్నా మాట మొగోళ్లదే నడుస్తున్నది, ఆ ఇండ్లల్ల ఉగాది కూర్చునుడు జరగలే, డబ్బా ఒక్కటే పోయింది. డబ్బా కొనిచ్చుడు తేలిక కాబట్టి చానా ప్రాజెక్టులు అక్కడనే ఆగుతయ్, దాని ముందు చెయ్యాల్సిన మాటల పనికి టైం పెట్టరు.

బోరు సంగతి మళ్ల వచ్చింది. ఈ ఉగాదికి భర్త వచ్చి సంఘంల లోను తీసి చెల్కల బోరు వేద్దామన్నడు. లోను వచ్చేది అక్క పేర, బోరు పడేది మామ పేర ఉన్న, పాళ్లు పంచని భూమిల, అది రేపు బావ పాలుకు పోయే మూల కూడ కావచ్చు. అక్క కాదనలే. పాళ్లు తేలి కాయితం అయినంక వేద్దాం, అప్పటిదాక లోను దరఖాస్తు మీద సంతకం పెట్టను అన్నది. మామ పెద్దకొడుకును పిలిపిస్తనన్నడు, సర్వేయర్‌తోని మాట్లాడే పని మేం తీసుకున్నం, పాళ్లు తేలేటప్పుడు పొలం ఎకరం పది గుంటలల్ల కనీసం సగం ఆమె పేర రాయాలని మామను అడిగినం, జవాబు ఇంకా చెప్పలే.